కొరియన్‌లో ఇంటి మాటలు: బట్టీ పక్కన పెట్టి మీ వంటింట్లోంచి మొదలుపెట్టండి

నమస్తే అండి. మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ: మీవారికి దక్షిణ కొరియాలోని సువన్‌లో ఉద్యోగం వచ్చింది, మూడు నెలల్లో ఐదేళ్ళ పాపతో వెళ్తున్నారు. హంగుల్ అక్షరాలు చదవడం వచ్చేసింది. కానీ యాప్‌లో ఇంటికి సంబంధించిన రెండు వందల మాటలు బట్టీ పట్టినా వారం తిరిగేసరికి సగం ఎగిరిపోతున్నాయి. అసలు ఎన్ని మాటలు కావాలి, ఏవి ముందు నేర్చుకోవాలి, పాపకి కూడా ఇప్పుడే నేర్పాలా?

సూటిగా చెప్తాను. నూట ఇరవై మాటలు చాలు. రోజుకి రెండు. కానీ విడి మాటలుగా కాదు, చిన్న వాక్యాలుగా, ఇప్పుడు మీరుంటున్న ఇంట్లోనే తిరుగుతూ, తెలుగులోంచి నేరుగా కొరియన్‌లోకి. మధ్యలో ఇంగ్లీషుని రానివ్వద్దు. కొరియన్ ఎంత వచ్చో చూసే టోపిక్ పరీక్షలో మొదటి స్థాయికి సుమారు 800 మాటలు కావాలంటారు. దిగిన మొదటి నెలలో ఇల్లు నడపడానికి అన్ని అక్కర్లేదు.

నేను తేజొన్‌లో నాలుగేళ్ళు, సువన్‌లో ఐదేళ్ళు కాపురం చేసి వచ్చాను. తిరిగొచ్చాక మనవాళ్ళకి కొరియన్ నేర్పుతున్నాను. నేను చెప్పేవన్నీ ఆ రెండిళ్ళ నుంచీ, నా దగ్గర నేర్చుకున్నవాళ్ళ నుంచీ తెలుసుకున్నవే.

ఇక్కడ కొరియన్ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, మీ నోటుబుక్కులో మాత్రం హంగుల్‌లోనే రాసుకోండి. నా రాతలో ఫ అంటే ప కి గట్టిగా ఊపిరి చేర్చినది, కాఫీలో ఫ కాదు. ఒ అని రాసినచోట నోరు బాగా తెరిచి పలకాలి, ఓ అన్నచోట పెదాలు గుండ్రంగా చుట్టాలి.

ఇంగ్లీషు ఎందుకు వద్దంటున్నానంటే, మీ యాప్‌లో కొరియన్ మాట పక్కన ఇంగ్లీషు అర్థం ఉంటుంది. మీరు దాన్ని చూసి, తెలుగులో ఆలోచించి, మళ్ళీ ఇంగ్లీషుకి వెళ్ళి కొరియన్ వెతుక్కుంటారు. మూడిళ్ళు తిరిగిన మాట ఎక్కడో ఒకచోట జారిపోతుంది. పైగా ఇంటి విషయంలో కొరియన్‌కీ తెలుగుకీ పొసిగినంతగా కొరియన్‌కీ ఇంగ్లీషుకీ పొసగదు.

బియ్యం సంగతే చూడండి. పొలంలో ఉన్నది వరి, దంచితే బియ్యం, వండితే అన్నం. కొరియన్‌లోనూ అంతే: ప్యొ, స్సాల్, పాప్. ఇంగ్లీషులో మూడింటికీ రైస్ ఒక్కటే. నా దగ్గర నేర్చుకున్న ఒకమ్మాయి రైస్ అంటే పాప్ అని యాప్‌లో చదివి, కొట్టుకెళ్ళి బియ్యం బస్తాకి పాప్ అని అడిగింది. కొట్టతను మైక్రోవేవ్‌లో వేడిచేసుకునే అన్నం డబ్బాలు చూపించాడు. ‘బియ్యం అంటే స్సాల్’ అని నేర్చుకుని ఉంటే ఈ పొరపాటే రాదు.

ఇంకొకటి, ‘లేదు’. ఇంగ్లీషులో లేదని చెప్పడానికి ఉన్నదానికే నాట్ తగిలించాలి. మనకి ‘ఉంది’ ఒక మాట, ‘లేదు’ వేరే మాట. కొరియన్‌లోనూ ఇస్సొయో అంటే ఉంది, ఒప్‌సొయో అంటే లేదు. ఈ రెండూ మొదటి రోజే పట్టేయండి, ఇంట్లో మీరు మాట్లాడే మాటల్లో సగం వీటితోనే ముగుస్తాయి.

వాక్యం వరస కూడా మనదే. ‘ఫ్రిజ్ లోపల పాలు ఉన్నాయి’: నెంగ్‌జాంగో ఆనె ఉయుగా ఇస్సొయో. నెంగ్‌జాంగో ఫ్రిజ్, ఆనె లోపల, ఉయు పాలు, ఇస్సొయో ఉన్నాయి. ఒక్కొక్క మాటా తీసి దాని చోటులో కొరియన్ మాట పెట్టడమే. ఉయు వెనకాల ఉన్న ‘గా’ ఒక్కటే మనకి లేనిది, దాని సంగతి మెల్లగా అలవాటవుతుంది. పైన, కింద, పక్కన, ముందు, వెనక అన్నవి మనలాగే వస్తువు తర్వాత వస్తాయి: వి, మిత్, యొప్, ఆప్, త్వి. సువన్‌లో మీకు రోజూ పార్సిళ్ళు వస్తాయి. ‘తలుపు ముందు పెట్టండి’ అనాలంటే మున్ ఆఫె న్వా చుసెయో. మున్ తలుపు, ఆఫె ముందు. ఈ వాక్యం నేను తొమ్మిదేళ్ళలో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది గుమ్మం దగ్గరి మాట. మనం బయల్దేరేటప్పుడు ‘వెళ్తాను’ అనం, ‘వెళ్ళొస్తాను’ అంటాం. కొరియన్లూ అంతే: తాన్యొఓగెస్సుమ్నిదా, వెళ్ళి వస్తాను. ఇంట్లో ఉన్నవాళ్ళు తాన్యొఓసెయో అంటారు, వెళ్ళి రండి. తిరిగి రాగానే తాన్యొవాస్సుమ్నిదా, వెళ్ళి వచ్చాను. మీ పాపతో రేపటినుంచే బడికి వెళ్ళేటప్పుడు మొదలుపెట్టండి.

ఇక ఇల్లు. విడిగా పలికితే చిప్, అచ్చు తర్వాత వస్తే జిప్, వెనక ‘ఎ’ చేరితే చిబె. ఒకే మాట మూడు రకాలుగా వినిపించేసరికి చాలామంది కంగారుపడతారు. ‘మా ఇల్లు’ అనడానికి ఉరి జిప్ అంటారు. మనం ‘నా ఇల్లు’ అనకుండా ‘మా ఇల్లు’, ‘మా అమ్మ’ అన్నట్టే వాళ్ళకీ ఉరి జిప్, ఉరి ఒమ్మా. అయితే మనకున్న మా, మన తేడా ఉరిలో లేదు. పెద్దవాళ్ళతోనో ఇంటి యజమానితోనో మాట్లాడేటప్పుడు ఉరి బదులు చొహి అనండి, అది వినయం. ఎదుటి పెద్దాయన ఇంటిని చిప్ అనకుండా తేక్ అనాలి. మనం క్రియలోనో, ‘మీరు’ అనడంలోనో గౌరవం చూపిస్తాం, ఇల్లు అన్న మాట మారదు. వాళ్ళకి ఆ మాటే మారుతుంది. మీ ఇంటిని మీరు ఎప్పుడూ తేక్ అనకూడదు, అది ఎబ్బెట్టుగా ఉంటుంది.

తెలుగు మనల్ని తప్పుదోవ పట్టించే చోటు కూడా ఒకటుంది. ‘గదిలో ఉన్నాను’, ‘గదిలో చదువుతున్నాను’ రెండిట్లోనూ మనకి ‘లో’ ఒకటే. కొరియన్‌లో ఊరికే ఉండడానికి ‘ఎ’, అక్కడ ఏదైనా పని చెయ్యడానికి ‘ఎసొ’. చిబె ఇస్సొయో, ఇంట్లో ఉన్నాను. చిబెసొ ఇర్‌హెయో, ఇంట్లో పనిచేస్తున్నాను. మన తెలుగువాళ్ళు మూడేళ్ళు అక్కడున్నా ఈ తప్పు చేస్తూనే ఉంటారు. నేర్చుకునేటప్పుడే ప్రతి గదికీ రెండేసి వాక్యాలు రాసుకుంటే ఇది దాటిపోతారు.

కుటుంబాలుగా నేర్చుకోండి, అక్షరక్రమంలో కాదు. మనం ఇంట్లో ‘నీళ్ళు’ అంటాం కానీ జలాశయం, జలపాతం అన్నప్పుడు ‘జలం’ వస్తుంది. కొరియన్‌కి చైనా మాటలతో ఉన్నది ఇదే సంబంధం. తాగే నీళ్ళు ముల్, కానీ జంటపదాల్లో సు. ఓన్‌సు వేడినీళ్ళు, చొంగ్‌సుగి మంచినీటి ఫిల్టరు, థాల్‌సు బట్టల్లోంచి నీళ్ళు పిండేయడం. చివర ‘గి’ ఉంటే యంత్రం: సెథాక్కి వాషింగ్ మెషీన్, ఛొంగ్‌సోగి వాక్యూమ్ క్లీనర్, సొన్‌ఫుంగి ఫ్యాను. చివర ‘శిల్’ ఉంటే గది: కొశిల్ హాలు, ఛిమ్‌శిల్ పడకగది, యోక్‌శిల్ స్నానాలగది, హ్వజాంగ్‌శిల్ టాయిలెట్. ‘చాంగ్’ అంటే బీరువా లాంటిది: ఓత్‌చాంగ్ బట్టలది, ఛేక్‌చాంగ్ పుస్తకాలది, శిన్‌బాల్‌చాంగ్ చెప్పులది. ఛిమ్ నిద్రకి సంబంధించినది కాబట్టి ఛిమ్‌దే మంచం. శిక్ తిండి, శిక్‌థాక్ భోజనాల బల్ల, శిక్‌తాంగ్ హోటలు. ఇలాంటి ముక్కలు పదిహేను వస్తే, ఎప్పుడూ వినని మాటని కూడా ఊహించగలుగుతారు.

చిప్ అన్న మాట ఇంటితోనే ఆగిపోదు. ప్పాంగ్‌చిప్ అంటే బ్రెడ్ ఇల్లు, అంటే బేకరీ. క్కోత్‌చిప్ పూలకొట్టు. యొప్‌చిప్ పక్కిల్లు. మనకి పుట్టిల్లు, అత్తారిల్లు ఉన్నట్టు వాళ్ళకి ఛిన్‌జొంగ్, శిదేక్. శిదేక్‌లోని ‘దేక్’ ఇందాక చెప్పిన గౌరవపు ఇల్లే. పార్సిల్‌ని థేక్‌పే అంటారు, అందులో ముందున్నదీ అదే చైనా అక్షరం, ఇంటికి తెచ్చిచ్చేది.

ఇప్పుడు నేను దెబ్బతిన్న కథ చెప్తాను, ఎందుకంటే ఇది మీకు జరగకూడదు. మేము తేజొన్‌లో దిగింది జనవరిలో. కొరియా ఇళ్ళకి నేలకిందనుంచి వేడి వస్తుంది, దాన్ని ఓన్‌దోల్ అంటారు. పూర్వం వంటింటి పొయ్యి పొగని నేలకింది రాళ్ళ మధ్య దారుల్లోంచి పోనిచ్చి గదిని వెచ్చబెట్టేవాళ్ళు. ఇప్పుడు పోఇల్లొ (అదే బాయిలరు) నేలలోని గొట్టాల్లో వేడినీళ్ళు తిప్పుతుంది. గోడమీద దాని పెట్టె ఉంటుంది, దానిమీద అన్నీ హంగుల్‌లోనే. నాకు కుర్చీ, బల్ల, కిటికీ, పుస్తకం అన్నీ వచ్చు. ఆ పెట్టెమీది నాలుగు మాటలు మాత్రం రావు. ఏదో మీట నొక్కాను, లైటు వెలిగింది, వెచ్చబడుతుందనుకున్నాం. నేను నొక్కింది వెఛుల్. ‘బయటికి వెళ్తున్నాం, గొట్టాలు గడ్డకట్టకుండా కాస్త వేడి చాలు’ అని దాని అర్థం. ఆ రాత్రి మా బాబుకి రెండు స్వెట్టర్లు వేసి ఇద్దరం చెరోవైపు పట్టుకుని కూర్చున్నాం. నొక్కాల్సింది నాన్‌బాంగ్, గది వెచ్చబెట్టేది.

అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్ళకి కుర్చీ, బల్ల కంటే మీటల మీది మాటలే ముఖ్యమని చెప్తాను. బాయిలరు మీద నాన్‌బాంగ్, ఓన్‌సు, వెఛుల్. రైస్ కుక్కర్ మీద ఛ్విసా అంటే వండు, పోఓన్ అంటే వేడిగా ఉంచు. వాషింగ్ మెషీన్ మీద ఫ్యోజున్ మామూలు ఉతుకు, హెంగ్‌గుమ్ జాడించడం, థాల్‌సు పిండడం. అన్నిటిమీదా చొన్‌వొన్, అంటే పవరు. ఇవన్నీ కలిపి ఇరవై కూడా ఉండవు. కుర్చీ పేరు తెలియకపోయినా కూర్చోవచ్చు కదా.

రెండో ముఖ్యమైన గుంపు ఫిర్యాదు వాక్యాలు. యాప్‌లో ఇవి చివరెక్కడో ఉంటాయి, కానీ ఇంటివాళ్ళకి ఫోను చేయాల్సింది వీటికోసమే. ఇవి బాగా గుర్తుండాలి.

అందరికీ అవసరమయ్యేవి ఇవే. నీళ్ళు కారుతున్నాయి: మురి సెయో. టాయిలెట్ బ్లాక్ అయింది: ప్యొన్‌గిగా మాఖ్యొస్సొయో. బాయిలరు పాడైంది: పోఇల్లొగా కోజాంగ్ నాస్సొయో. వేడినీళ్ళు రావట్లేదు: ఓన్‌సుగా ఆన్ నావయో. లైటు వెలగట్లేదు: పురి ఆన్ ఖ్యొజ్యొయో. ఆ ‘పుల్’ అంటే నిప్పు కూడా, దీపం కూడా. లైటు వెయ్యడం పురుల్ ఖ్యొయో, ఆర్పడం పురుల్ క్కొయో. మనమూ దీపం వెలిగించమనీ ఆర్పమనీ అంటాం కాబట్టి ఇది తేలిగ్గా కుదురుతుంది.

అర్థం తెలిసినట్టే ఉండి మోసం చేసే మాటలు కొన్నున్నాయి. ఇల్ ఛుంగ్ అంటే ఒకటో అంతస్తు, కానీ అది మన గ్రౌండ్ ఫ్లోర్. వాళ్ళ మూడో అంతస్తు అంటే మన రెండోది. నాలుగుని ‘సా’ అంటారు, చావుకీ అదే శబ్దం, అందుకని కొన్ని లిఫ్టుల్లో నాలుగుకి బదులు ఇంగ్లీషు ఎఫ్ అక్షరం ఉంటుంది. ఫెయిల్ అనుకోకండి, నాలుగే. విల్లా అంటే మనకి తోట ఉన్న ఖరీదైన ఇల్లు గుర్తొస్తుంది, అక్కడ పిల్లా అంటే నాలుగంతస్తుల లోపు ఉండే మామూలు చిన్న ఫ్లాట్లు. అఫాథు మాత్రం పెద్ద టవర్లు, మధ్యతరగతి కోరుకునేది అదే. వన్‌రూమ్ అంటే వంటమూలతో సహా ఒకే గది. వరండాని పెరన్దా అంటారు, మన దేశంనుంచి ఇంగ్లీషులోకి వెళ్ళిన మాట అక్కడికీ చేరింది. కాకపోతే అక్కడ అద్దాలు బిగించి బట్టలు ఆరేసుకునే బాల్కనీ అది.

అద్దె మాటల్లో వొల్‌సె నెల అద్దె, పోజుంగ్‌గుమ్ అడ్వాన్సు, క్వాల్లిబి మెయింటెనెన్సు. చొన్‌సె మన దగ్గర అంతగా కనబడనిది: నెల అద్దె లేకుండా పెద్ద మొత్తం ఒకేసారి యజమాని దగ్గర ఉంచి, ఖాళీ చేసేటప్పుడు మొత్తం వెనక్కి తీసుకోవడం. ఇంటి వైశాల్యం ఫ్యొంగ్‌లలో చెప్తారు, ఒక ఫ్యొంగ్ సుమారు 3.3 చదరపు మీటర్లు. మీవారి కంపెనీ ఇల్లు చూసిపెడితే ఇవి ఇప్పుడే అక్కర్లేదు.

చెత్త మాటలు మాత్రం దిగిన మర్నాడే కావాలి. 1995 నుంచి అక్కడ చెత్త ఎంత వేస్తే అంత డబ్బు, ఆ డబ్బు సంచి ధరలోనే ఉంటుంది. ఆ సంచి చోంగ్‌న్యాంగ్‌జె పోంగ్‌థు. దానిమీద ఊరి పేరు ఉంటుంది, ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరిదే కొనాలి. మిగిలిన అన్నం, కూర వేరుగా: ఉమ్‌శింగ్‌ముల్ స్సురెగి. సీసాలు, అట్టలు విడదీసి వెయ్యడం పుల్లి సుగొ.

పలకడంలో రెండు జాగ్రత్తలు. మనం హల్లుతో ఆగలేక చివర ‘ఉ’ చేరుస్తాం, చిప్పు, పాంగు అంటాం. పెదాలు మూసి అక్కడే ఆపేయండి. రెండోది పాంగ్, ప్పాంగ్ తేడా. మొదటిది గది, మెత్తగా ఊపిరితో. రెండోది బ్రెడ్, గొంతు బిగబట్టి, ‘అప్పడం’లో ప్ప లాగా. మన ‘ప’ వాళ్ళ చెవికి బిగబట్టినదానికే దగ్గర, కాబట్టి మనం గది అంటే వాళ్ళకి బ్రెడ్ అని వినిపిస్తుంది. కొవ్వొత్తి వెలిగించి ఎదురుగా పలకండి, పాంగ్‌కి మంట కాస్త కదలాలి, ప్పాంగ్‌కి కదలకూడదు.

ఇంకో మాట. కొరియన్, ద్రావిడ భాషలు చుట్టాలని 1905లోనే హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ రాశాడు. వీడియోల్లో అమ్మ, ఒమ్మా అంటూ ఇప్పటికీ తిప్పుతుంటారు. ఈనాటి భాషావేత్తలు దాన్ని ఒప్పుకోరు. వాక్యం అల్లిక కలుస్తుంది, దాన్ని వాడుకోండి. శబ్దాలు కలిసే మాటలు వెతుక్కుంటూ కూర్చుంటే మీ మూడు నెలలూ అందులోనే పోతాయి.

రోజువారీ పద్ధతి నేనైతే ఇలా పెడతాను. మొదటి పది రోజులు వంటిల్లే, ఎందుకంటే మీరు ఎక్కువసేపు ఉండేది అక్కడ. వస్తువులమీద చీటీలు అంటించమని అందరూ చెప్తారు. విడి మాట రాసిన చీటీ మూడో రోజుకి గోడలో కలిసిపోతుంది, కన్ను దానిమీద ఆగదు. చీటీమీద వాక్యం రాయండి. ఫ్రిజ్ మీద ‘ఫ్రిజ్’ అని కాదు, ‘ఫ్రిజ్‌లో పెరుగు లేదు’ అని. తలుపు తీస్తూ పైకి అనండి, చూడకుండా అనగలిగిన రోజు చీటీ పీకేయండి. ఒకేసారి పదికి మించి చీటీలు ఉండకూడదు. తర్వాత పదిరోజులు స్నానాలగది, బట్టల పని: ప్పాల్లే బట్టలుతకడం, సొల్‌గొజి గిన్నెలు తోమడం, ఛొంగ్‌సో ఇల్లు శుభ్రం చేయడం. ఆ తర్వాత గుమ్మం, లిఫ్టు, చెత్త. రెండో నెల మీటల మాటలు, ఫిర్యాదులు. మూడో నెల కొత్తవి ఆపేసి, రాత్రి పడుకునేముందు ఇల్లంతా తిరుగుతూ ఏది ఎక్కడుందో పైకి చెప్పుకోండి. విజయవాడ నుంచి నేర్చుకున్న ఒకావిడ అంట్లు తోముతూ రోజూ పావుగంట ఇలా మాట్లాడుకునేవారు. సువన్‌లో దిగిన రెండో వారంలో కుళాయి కారితే ఆవిడే ఫోను చేసి మనిషిని పిలిపించుకున్నారు.

పాప గురించి. కూర్చోబెట్టి నేర్పకండి, బళ్ళో వేసిన నాలుగు నెలలకి తనే మిమ్మల్ని దిద్దుతుంది. కానీ ఒక్క వాక్యం ఇద్దరూ నేర్చుకుని వెళ్ళండి: త్త్విజి మా, పరిగెత్తకు. అఫాథుల్లో పై ఇంటి చప్పుడు కింది ఇంటికి వినిపించడం పెద్ద గొడవ, దానికి ఛుంగ్‌గాన్ సోఉమ్ అని ప్రత్యేకంగా పేరే ఉంది. దిగిన వారంలో ఏదైనా స్వీటు పట్టుకుని కింది ఇంటి తలుపు తట్టండి. విఛుంగె ఇసా వాస్సొయో, పై అంతస్తులోకి వచ్చాం. ఐగా ఇస్సొయో, చిన్నపిల్ల ఉంది. చాల్ పుథాక్ తురిమ్నిదా, కాస్త చూసుకోండి. నేను సువన్‌లో సున్నుండలు తీసుకెళ్ళాను. కిందావిడ ఒకటి కొరికి, ఇది ఏ పిండితో చేశారని అడిగింది. మినుములకి కొరియన్ మాట నాకు అప్పటికి రాదు, నల్లటి చిన్న పప్పు అని చేతులతో చూపించాను. రెండు రోజుల తర్వాత నా డబ్బా తిరిగొచ్చింది, నిండా ఎండబెట్టిన పండు ముక్కలతో. ఖాళీ డబ్బా ఎలా పంపిస్తామండీ అంది.